పుస్తకం బూడిదైంది... ఆట బతికింది

తెల్లారేసరికి చైనాలోని చాలా పార్కుల్లో ఒక వింత ఆట మొదలవుతుంది. అరవై, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు వరసగా నిలబడతారు. వేళ్లు పంజాలా వంచి పులిలా ముందుకు వంగుతారు. కాసేపటికి లేడిలా మెడ తిప్పి వెనక్కి చూస్తారు. తర్వాత ఎలుగుబంటిలా బరువుగా అటూ ఇటూ ఊగుతారు. కోతిలా భుజాలు ఎగరేస్తారు. చివరికి కొంగలా చేతులు చాచి ఒంటికాలిపై నిలబడతారు. అంతా నెమ్మదిగా, ఊపిరికి తగ్గట్టు. చూసేవాళ్లకు నవ్వొస్తుందేమోగానీ, చేసేవాళ్లకు మాత్రం అది ఆరోగ్యసూత్రం. పేరు 'వూ చిన్ శీ'. అంటే ఐదు జంతువుల ఆట. ఇవాళ ప్రపంచమంతా చీగాంగ్ అని పిలుస్తున్న సాధనల్లో బాగా పాతది ఇది.

ఈ ఆట నేర్పిన వైద్యుడు సుమారు 1800 ఏళ్ల కిందట జైల్లో ప్రాణాలు వదిలాడు. జీవితకాలం సంపాదించిన విద్యంతా ఒక చుట్టలో రాసి పెట్టుకుంటే, చివరి గడియల్లో దాన్ని తన చేతులతోనే తగలబెట్టాడు. ఆయన పేరు హువా తువో.

కొలువు వద్దన్న చదువరి

క్రీ.శ. రెండో శతాబ్దం. చైనాలో నాలుగు వందల ఏళ్లు వెలిగిన హాన్ సామ్రాజ్యం కొడిగడుతున్న రోజులు. ఒకవైపు తిరుగుబాట్లు, మరోవైపు సేనానుల కుమ్ములాటలు, వాటి వెనకే అంటురోగాలు. అలాంటి కాలంలో చియావ్ అనే ఊళ్లో హువా తువో పుట్టాడు. నేటి అన్‌హుయ్ రాష్ట్రంలోని బోజౌ నగరమే నాటి చియావ్.

మొదట ఆయన చదివింది వైద్యం ఒక్కటే కాదు. షూజౌ ప్రాంతానికి వెళ్లి అప్పటి పండితులు చదివే శాస్త్రగ్రంథాలు చాలానే చదివాడు. ఆ చదువు చూసి స్థానిక అధికారి ఒకరు ప్రభుత్వ కొలువుకు పేరు పంపించాడు. రాజధానిలోని పెద్ద మంత్రి ఒకరు కూడా కబురు పెట్టాడు. హువా తువో రెండూ వద్దన్నాడు. ఆ రోజుల్లో చదువుకున్నవాడికి కొలువే గౌరవం. వైద్యుడంటే చేతిపని వాడితో సమానం. అయినా ఊరూరూ తిరిగి రోగులను చూడటానికే ఆయన మొగ్గు చూపాడు.

ఆయన మరణానికి వందేళ్లు కూడా నిండకముందే చెన్ షౌ అనే చరిత్రకారుడు 'మూడు రాజ్యాల చరిత్ర' రాశాడు. మనకు తెలిసిన వివరాల్లో ఎక్కువ భాగం అందులోవే. నూరేళ్లకు దగ్గరపడ్డాడని జనం చెప్పుకునేవారట. మనిషిని చూస్తే మాత్రం నడివయసు వాడిలా ఉండేవాడట.

తూకం లేని చెయ్యి

ఆయన వైద్యంలో ఆర్భాటం తక్కువ. మందులో దినుసులు నాలుగైదుకు మించేవి కావు. వాటిని కూడా తక్కెడలో తూచేవాడు కాదు. చేత్తో తీసి వేస్తే లెక్క సరిపోయేదట. సూదులు గుచ్చాల్సి వస్తే ఒకటి రెండు చోట్ల చాలు. సూది ప్రభావం ఫలానా చోటికి పాకుతుంది, అక్కడికి రాగానే చెప్పమని రోగినే అడిగేవాడు. రోగి వచ్చిందనగానే సూది తీసేసేవాడు.

సూదికీ మందుకూ లొంగని జబ్బయితే కత్తి పట్టేవాడు. అంతకుముందు 'మాఫెయ్‌సాన్' అనే పొడిని సారాలో కలిపి తాగించేవాడు. రోగి మత్తులో పడిపోయేవాడు. అప్పుడు కడుపు కోసి, చెడిన భాగం తీసి, శుభ్రం చేసి, కుట్లు వేసి లేపనం పూసేవాడు. నాలుగైదు రోజుల్లో నొప్పి తగ్గేదని, నెల తిరిగేసరికి రోగి లేచి తిరిగేవాడని చరిత్రలో రాశారు. అమెరికాలో ఈథర్ మత్తు ఇచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేసి చూపింది 1846లో. అంటే దానికి పదహారు శతాబ్దాల ముందు మాట ఇది! అయితే ఆ పొడిలో ఏం కలిపాడో ఎవరికీ తెలియదు. అంత పెద్ద ఆపరేషన్లు నిజంగా చేశాడా అన్న అనుమానం కొందరు చరిత్రకారులకు ఇప్పటికీ ఉంది. పరీక్షించి చూద్దామంటే ఆయన రాసింది ఒక్క ముక్కా మిగల్లేదు.

కోపమే మందు

చెన్ షౌ రాసిన కేసులు చదువుతుంటే కథల్లా ఉంటాయి. ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి వచ్చారు. ఇద్దరికీ తలనొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఒకరికి విరేచనాల మందు, ఇంకొకరికి చెమట పట్టించే మందు ఇచ్చాడు. అదేమిటని అడిగితే, ఒకరి జబ్బు లోపల ఉంది, మరొకరిది పైన ఉంది, అందుకే మందు వేరని చెప్పాడు. తెల్లారేసరికి ఇద్దరూ లేచి కూర్చున్నారు.

మరో కేసు మరీ చిత్రం. ఒక జిల్లా అధికారి చాలాకాలంగా మంచాన పడి ఉన్నాడు. ఈయనకు విపరీతమైన కోపం వస్తే తప్ప జబ్బు పోదని హువా తువో తేల్చాడు. ఇక చూడండి... ఫీజు మీద ఫీజు తీసుకున్నాడు, మందు మాత్రం ఇవ్వలేదు. చివరికి చెప్పాపెట్టకుండా వెళ్లిపోతూ తిట్లతో నిండిన ఉత్తరం ఒకటి వదిలిపెట్టాడు. అధికారి మండిపడ్డాడు. వెంటపడి చంపమని మనుషులను పురమాయించాడు. అసలు సంగతి తెలిసిన కొడుకు వాళ్లను ఆపేశాడు. కోపం పట్టలేక అధికారి నల్లటి రక్తం కక్కుకున్నాడు. దాంతోనే జబ్బు నయమైంది! మనసుకూ ఒంటికీ ఉన్న ముడిని ఆయన ఎంతగా నమ్మాడో ఈ కథ చెబుతుంది.

ఇంకోసారి దారిలో గొంతు పూడిపోయి తిండి దిగని మనిషి ఎదురయ్యాడు. పక్కనున్న రొట్టెల దుకాణంలో వెల్లుల్లి వేసిన వెనిగర్ దొరుకుతుంది, అడిగి తాగమని సలహా ఇచ్చాడు. తాగగానే పాములాంటి పురుగు బయటపడింది. ఆ మనిషి దాన్ని బండికి వేలాడదీసుకుని కృతజ్ఞత చెప్పడానికి వైద్యుడి ఇంటికి వెళితే, లోపల ఉత్తరపు గోడకు అలాంటివి పదుల కొద్దీ వేలాడుతున్నాయట.

తలుపు కీలు చెప్పిన పాఠం

కత్తి పట్టిన ఈ చేతులే వ్యాయామం కూడా నేర్పాయి. వూ పూ, ఫాన్ ఆ అని ఆయనకు ఇద్దరు ముఖ్య శిష్యులు. వూ పూకు ఆయన చెప్పిన పాఠం చాలా సాదాగా ఉంటుంది. మనిషి ఒళ్లు కష్టపడాలి, కానీ అలసి కూలబడేంత కాదు. కదులుతుంటే తిన్నది అరుగుతుంది, రక్తం పారుతుంది, రోగం పుట్టదు. రోజూ తెరిచి మూసే తలుపు చూడండి, దాని కీలు పుచ్చిపోదు. ఒళ్లూ అంతే.

ఈ ఆలోచన ఆయనతోనే పుట్టింది కాదు. జంతువుల్లా ఒళ్లు సాగదీసి, ఊపిరి కూడగట్టే సాధనలను చైనాలో అప్పటికే 'దావోయిన్' అనేవారు. 1973లో చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధిని తవ్వితే పట్టుబట్ట మీద గీసిన బొమ్మలు దొరికాయి. ఆడా మగా, ముసలీ పడుచూ కలిపి 44 బొమ్మలు, అన్నీ ఇలాంటి కసరత్తులే! హువా తువో చేసిందల్లా ఆ పాత విద్యలోంచి ఐదు జంతువులను ఏరి, ఎవరైనా గుర్తుపెట్టుకోగల ఆటగా మార్చడం.

ఆట ఎలా ఆడాలో కూడా ఆయనే చెప్పాడు. ఒంట్లో నలతగా ఉంటే లేచి, ఏదో ఒక జంతువు ఆట ఆడాలి. చెమట పట్టగానే ఆపేయాలి. ఒళ్లు తేలికపడుతుంది, ఆకలి వేస్తుంది. అంతే. ఐదూ చేయాలన్న నియమం లేదు, మంత్రం లేదు, ముహూర్తం అసలే లేదు.

ఆయన పోయిన మూడు వందల ఏళ్ల తర్వాతి కాలం నాటిదిగా చెప్పే ఒక ఆరోగ్య గ్రంథంలో ఈ కదలికల వివరాలు కనిపిస్తాయి. అప్పటి ఆట ఇప్పటికంటే కష్టమే...

పులి: చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, మూడుసార్లు ముందుకు, రెండుసార్లు వెనక్కి దూకడం.

లేడి: అలాగే నేలమీద ఉండి, మెడ సాచి ఎడమకు మూడుసార్లు, కుడికి రెండుసార్లు వెనక్కి చూడటం.

ఎలుగు: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు చేతులతో పట్టుకుని, తల ఎత్తి అటు ఏడు, ఇటు ఏడు సార్లు దొర్లడం.

కోతి: పైనున్న దూలమో కొమ్మో పట్టుకుని వేలాడుతూ ఒళ్లు పైకీ కిందికీ లాగడం.

పక్షి: ఒక కాలు లేపి, రెండు చేతులూ చాచి, కనుబొమలు ఎగరేసి బలం కూడగట్టడం.

వూ పూ ఈ ఆటను వదిలిపెట్టలేదు. తొంభై దాటినా చూపు, వినికిడి చక్కగా ఉండేవని, పళ్లన్నీ గట్టిగానే ఉండేవని చెన్ షౌ ప్రత్యేకంగా రాశాడు.

దొరగారి తలనొప్పి

చియావ్ ఊరి నుంచే ఇంకొకడు చైనాను శాసించే స్థాయికి ఎదిగాడు. పేరు త్సావ్ త్సావ్. హాన్ చక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకుని ఉత్తర చైనానంతా ఏలిన సేనాని. కవి కూడా. అంతటివాడికీ ఒక బాధ తప్పలేదు. ఉన్నట్టుండి భయంకరమైన తలనొప్పి వచ్చేది. కళ్లు తిరిగేవి, బుర్ర పనిచేసేది కాదు.

హువా తువోను పిలిపించారు. సూది గుచ్చగానే నొప్పి మాయం. ఇంకేముంది, దొరగారు ఆయన్ను తన వెంటే ఉంచుకున్నారు. ఊరూరూ తిరిగే వైద్యుడు ఒక్క మనిషికి కట్టుబడిపోయాడు. అసలే పండితుడిగా చదువుకుని, చివరికి వైద్యుడిగానే మిగిలానన్న చింత ఆయన్ను తొలిచేదని చెన్ షౌ అంటాడు. పైగా దొరగారి జబ్బు ముదిరింది. ఇది ఒక్క రోజులో పోయేది కాదు, చాలాకాలం మందు వాడితే ఆయుష్షు కొంత పెరుగుతుందని ఆయన ఉన్నమాట చెప్పేశాడు.

ఇంటినుంచి ఉత్తరం వచ్చిందని సెలవు అడిగి ఊరు వెళ్లాడు. మళ్లీ రాలేదు. భార్యకు ఒంట్లో బాగాలేదంటూ గడువు మీద గడువు కోరాడు. త్సావ్ త్సావ్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. స్థానిక అధికారులతో చెప్పించాడు. ఉలుకూ పలుకూ లేదు. చివరికి మనుషులను పంపాడు. భార్య జబ్బు నిజమైతే నలభై కొలతల అపరాలు ఇచ్చి సెలవు పొడిగించండి, అబద్ధమైతే కట్టి తీసుకురండి... అదీ ఆజ్ఞ. అబద్ధమని తేలింది.

నిప్పు తెమ్మన్నాడు

షూ నగరంలోని జైల్లో పెట్టారు. విచారణలో తప్పు ఒప్పుకున్నాడు. త్సావ్ త్సావ్ ముఖ్య సలహాదారు షున్ యూ అడ్డుపడ్డాడు. ఎంతో మంది ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి, క్షమించండని బతిమాలాడు. ఇలాంటివాళ్లు దేశంలో ఇంకెవరూ దొరకరా ఏమిటని త్సావ్ త్సావ్ కొట్టిపారేశాడు.

చావు ఖాయమని తేలాక హువా తువో ఒక గ్రంథపు చుట్టను జైలరుకు ఇవ్వబోయాడు. దీంతో మనుషుల్ని బతికించవచ్చని చెప్పాడు. జైలరు భయపడ్డాడు. ఖైదీ దగ్గర పుస్తకం తీసుకున్నట్టు తెలిస్తే తన తల ఎగిరిపోతుందని చేతులు ముడుచుకున్నాడు. హువా తువో బలవంతపెట్టలేదు. నిప్పు అడిగి తెప్పించుకుని, ఆ చుట్టను కాల్చేశాడు.

ఆయన్ను చంపింది 208 నాటికే. మత్తుమందు దినుసులు, కడుపు కోసి కుట్టిన పద్ధతి, రోగం పసిగట్టే గురుతులు... అన్నీ ఆ మంటలో కలిసిపోయాయంటారు. తప్పు ఎవరిదంటే ఒక్కరి పేరు చెప్పడం కష్టమే. అహంకారంతో చంపించిన దొర ఒకడు, భయంతో చెయ్యి చాచని జైలరు ఒకడు. బతికున్న రోజుల్లో ఆ విద్యను నలుగురి చేతా రాయించి ఉంటే బాగుండేదని మనకూ అనిపించక మానదు.

దొరగారి తలనొప్పి మాత్రం పోలేదు. హువా తువో తన జబ్బును తగ్గించగలిగీ తగ్గించలేదని, తన అవసరం ఉండాలని దాన్ని అలా పెంచి పోషించాడని ఆయన నమ్మాడు. చంపకపోయినా వేరు తెంచేవాడు కాదని చెప్పుకుని సరిపెట్టుకున్నాడు. ఆ మాట 208 వరకే చెల్లింది. ఆ ఏడాది ఆయన ముద్దుల కొడుకు త్సావ్ చుంగ్ పదమూడేళ్లకే జబ్బుపడ్డాడు. వైద్యులు చేతులెత్తేశారు. హువా తువోను చంపుకుని చేజేతులా బిడ్డను పోగొట్టుకుంటున్నానని అప్పుడు త్సావ్ త్సావ్ కుమిలిపోయాడు. పిల్లాడు దక్కలేదు.

ఏనుగును తూచిన పిల్లాడు... మన కథేనా?

ఆ పిల్లాడి గురించి ఒక కథ చైనా బడిపిల్లలందరికీ తెలుసు. త్సావ్ త్సావ్‌కు ఎవరో ఏనుగును బహుమతిగా పంపారు. దాని బరువెంతో తూచే దారి పెద్దలెవరికీ తోచలేదు. త్సావ్ చుంగ్ ఉపాయం చెప్పాడు. ఏనుగును పడవ ఎక్కించి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీత గీయండి. తర్వాత ఏనుగును దింపి, అదే గీత వరకు మునిగేలా బరువులు నింపి తూచండి.

ఈ కథ మన ఇళ్లలోనూ చెప్పుకునేదే కదా! 1930లో చెన్ యిన్‌కో అనే చైనా చరిత్రకారుడికీ ఇదే అనుమానం వచ్చింది. బౌద్ధ కథలతోపాటు ఇది భారతదేశం నుంచే చైనా చేరిందని ఆయన వాదించాడు. అంతటితో ఆగలేదు. హువా తువో కథల్లోనూ మన దేశపు జాడలున్నాయన్నాడు. బుద్ధుడి కాలంలో రాజగృహంలో ఉన్న జీవకుడు కూడా శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడే. కోపిష్టి రాజుకు వైద్యం చేసి, ప్రాణభయంతో పారిపోయినవాడే. అసలు 'హువా తువో' అన్న పేరే మందు అనే అర్థమున్న సంస్కృత పదం 'అగద'కు దగ్గరగా ఉందని చెన్ యిన్‌కో చూపించాడు. మన ఆయుర్వేదంలో అగద తంత్రం అంటే విషాలకు విరుగుడు చెప్పే శాస్త్రం. మనిషి నిజమే, ఆయన చుట్టూ అల్లుకున్న కథల్లో కొన్ని మాత్రం వలస వచ్చినవి... ఇదీ ఆ వాదన సారం. అందరు పండితులూ ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు.

నవల కలిపిన రంగులు

ఇంకో ముచ్చట. హువా తువో అనగానే చాలామంది చెప్పే రెండు ఘట్టాలు చరిత్రలో లేనేలేవు. తల పగలగొట్టి జబ్బు తీస్తానంటే త్సావ్ త్సావ్ అనుమానించి చంపించాడన్నది ఒకటి. యోధుడు గువాన్ యూ చదరంగంలాంటి ఆట ఆడుతుంటే అతని చేతి ఎముకకు పట్టిన విషాన్ని గీకి తీశాడన్నది రెండోది. రెండూ 'మూడు రాజ్యాల గాథ' అనే నవలలోవి. గువాన్ యూకు ఒక వైద్యుడు ఎముక గీకిన మాట చరిత్రలో ఉంది గానీ ఆ వైద్యుడి పేరు లేదు. నవలలో ఆ సంఘటన జరిగేనాటికి హువా తువో చనిపోయి పదేళ్లు దాటింది కూడా.

పేరు మారింది, సాధన మిగిలింది

'చీగాంగ్' అన్న మాట ఇప్పటి అర్థంలో ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1950ల్లోనే. కడుపులో పుండుతో బాధపడి, శ్వాస సాధనతో కోలుకున్న లియు గుయ్‌జెన్ అనే కార్యకర్త దీన్ని ఆస్పత్రులకు తీసుకెళ్లాడు. 1957లో పుస్తకం రాశాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆ పుస్తకం మీదా, ఆయన మీదా వేటు పడింది. 1980 దశకంలో సాధన మళ్లీ పార్కులకు చేరింది. ఐదు జంతువుల ఆటను అందరూ నిలబడే చేయగలిగేలా సులువు చేసి 2003లో ప్రభుత్వ క్రీడా విభాగం ప్రామాణిక రూపం ఇచ్చింది. 2011లో బోజౌ పేరు మీదే అది చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాకు ఎక్కింది. వెన్నెముకకు ఇరువైపులా సూదులు గుచ్చే బిందువులను ఆక్యుపంక్చర్ వైద్యులు ఇప్పటికీ హువా తువో పేరుతోనే పిలుస్తారు.

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? చీగాంగ్, తాయ్‌చీ లాంటి నెమ్మది కసరత్తుల మీద పరిశోధనలు చాలానే వచ్చాయి. పెద్ద వయసువాళ్లలో తూలిపడటం తగ్గడం, కీళ్లు సులువుగా కదలడం, నిద్ర, మనసుకు నెమ్మది... వీటి విషయంలో ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. కానీ చాలా అధ్యయనాలు చిన్నవి. కాబట్టి బీపీ, షుగర్ మందులు మానేసి పులి ఆట ఆడితే చాలనుకుంటే పొరపాటే. కోయాల్సిన జబ్బుకు హువా తువో కూడా కత్తే పట్టాడు, ఆట ఆడి తగ్గించుకోమనలేదు. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టడం మంచిది.

అంత గొప్ప వైద్యుడి విద్యలో మంటకు చిక్కకుండా మిగిలింది చాలా చిన్న సంగతి. దానికి పుస్తకం అక్కర్లేదు, దొరగారి అనుమతీ అక్కర్లేదు. గురువు దగ్గర నేర్చుకున్నదాన్ని వూ పూ తొంభై దాటేవరకూ ఒంట్లోనే దాచుకున్నాడు. అది చేతులు మారుతూ పార్కుల దాకా వచ్చింది. ఐదు జంతువులూ గుర్తులేకపోయినా ఫర్వాలేదు. రేపు పొద్దున్నే ఇంటి తలుపు తీసేటప్పుడు ఆ కీలు గుర్తుకొస్తే చాలు.